ఇంటిల్లిపాదీ చూసే జిబ్లీ సినిమా: ముందు ఏది పెట్టాలి, దేనికి ఆగాలి

2025లో ఫోన్ల నిండా జపాన్ యానిమేషన్ స్టూడియో జిబ్లీ తరహా బొమ్మల హోరు సాగాక ఆ పేరు వినని తెలుగు ఇల్లు అరుదు. ఆ ఊపులో చాలా ఇళ్ళలో జరిగేది ఒకటే. అన్నిటికన్నా పేరున్నది, ఆస్కార్ వచ్చినది కదా అని ‘స్పిరిటెడ్ అవే’ పెడతారు. సోఫాలో ఐదేళ్ళ పాప కూడా ఉంటుంది. పావుగంట తిరక్కుండానే తెరమీద అమ్మా నాన్నా పందులైపోతారు. పాప ఏడుపు అందుకుంటుంది, టీవీ కట్టేస్తారు, జపాన్ బొమ్మల సినిమాలు మన పిల్లలకి పడవన్న మాట ఇంట్లో ఖాయమైపోతుంది. మంచి సినిమా తగని వయసులో ఎదురైతే కలిగే నష్టం ఇదే. ఒకసారి అలా బెదిరిన పిల్లలు మళ్ళీ ఆ పేరెత్తితే దగ్గరకు రారు.

ఎంచుకోవడానికి వయసు ఒక్కటే కొలత అనుకుంటే చాలదు. జిబ్లీ దర్శకుడు హయావో మియాజాకి తీసిన ఈ కుటుంబ చిత్రాల్లో చిన్నపిల్లల్ని రాక్షసులకన్నా ముందు కలవరపెట్టేది అమ్మానాన్నలు పక్కన లేకపోవడం. ‘టొటోరో’లో అమ్మ ఆస్పత్రిలో ఉంటుంది. ‘పోన్యో’లో తుపాను రాత్రి అమ్మ కొడుకుని ఇంట్లో ఉంచి వెళ్తుంది. ‘కికి’లో పిల్లే ఇల్లు విడిచి బయల్దేరుతుంది. ‘స్పిరిటెడ్ అవే’లో ఇద్దరూ ఒక్కసారే చేజారిపోతారు. మీ పిల్లలు వీటిలో దేనికి తట్టుకుంటారో మీకే బాగా తెలుసు. దాన్నిబట్టి వరస పెట్టుకోవాలి.

నాలుగు నుంచి ఏడేళ్ళ వాళ్ళకి: టొటోరోనా, పోన్యోనా

‘మై నెయిబర్ టొటోరో’ 1988 నాటిది, నిడివి 86 నిమిషాలు. విలన్ లేడు, పోట్లాట లేదు. సత్సుకి, మే అనే ఇద్దరు కూతుళ్ళని తీసుకుని తండ్రి పల్లెలో ఓ పాత ఇంటికి మారతాడు. అమ్మ దగ్గర్లోని ఆస్పత్రిలో కోలుకుంటూ ఉంటుంది. మొదటి అరగంటంతా ఇల్లు సర్దుకోవడం, పంపు కొట్టి నీళ్ళు తోడడం, చీకటి మూలల్లోంచి మసి ఉండల్లాంటి జీవులు పరుగులు తీయడం. అడవిలో ఉండే పెద్ద బొద్దు జీవి టొటోరో కనిపించేది ఆ తర్వాతే. కథ ఎప్పుడు మొదలవుతుందని పెద్దవాళ్ళు ఫోన్ అందుకునేది సరిగ్గా ఈ అరగంటలోనే. పిల్లలకి మాత్రం ఆ భాగమే ఎక్కువ నచ్చుతుంది. అడుగూడిపోయిన బకెట్లోంచి లోకాన్ని చూడడం, కనిపించిన ప్రతిదాని వెనకాలా పాక్కుంటూ వెళ్ళడం, మే చేసేవన్నీ వాళ్ళు రోజూ చేసేవే. ఇంటి పక్కన పెద్ద కర్పూర చెట్టు బోదెకి తాడు చుట్టి ఉంటుంది, తండ్రీ కూతుళ్ళు ఆ చెట్టుకి వంగి దండం పెడతారు. మన ఊళ్ళలో రావిచెట్టుకి దారాలు చుట్టడం చూసిన పిల్లలకి ఇది విప్పి చెప్పనక్కర్లేదు.

రెండు విషయాలు ముందే తెలిసి ఉండాలి. తండ్రి ఇద్దరు కూతుళ్ళతో కలిసి తొట్టిలో స్నానం చేసే సన్నివేశం ఒకటుంది. అది జపాన్ ఇళ్ళలో మామూలు అలవాటు. అందులోనే గాలికి ఇల్లు దడదడలాడుతుంటే భయం పోవడానికి గట్టిగా నవ్వమంటాడు తండ్రి. తాతయ్యా నానమ్మా కూడా కూర్చుని ఉంటే ఈ స్నానం అలవాటు సంగతి ఒక్క మాట చెప్పి ఉంచితే ఇబ్బంది ఉండదు. రెండోది ఆఖరి అరగంట. ఆస్పత్రి నుంచి టెలిగ్రాం వస్తుంది, అమ్మ రావడం వాయిదా పడుతుంది, అక్కాచెల్లెళ్ళు గొడవపడతారు. మే ఒక మొక్కజొన్న కంకి పట్టుకుని ఒంటరిగా ఆస్పత్రికి బయల్దేరి తప్పిపోతుంది. చెరువులో ఒక చిన్న చెప్పు దొరుకుతుంది, ఊరివాళ్ళు నీళ్ళలో వెతుకుతుంటారు. అమ్మ జబ్బేమిటో సినిమా చెప్పదు కాబట్టి పిల్లలు తమకు తెలిసిన జబ్బునే అక్కడ ఊహించుకుంటారు. ఈమధ్య మీ ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో ఉండి ఉంటే, అందరూ మెత్తని సినిమా అనే ‘టొటోరో’యే మీ పిల్లలకి అన్నిటికన్నా బరువవుతుంది. అలాంటప్పుడు కొన్ని నెలలు ఆగండి, లేదా ‘పోన్యో’ పెట్టండి. చూపించాలనే అనుకుంటే, చెప్పు మేది కాదనీ, మే క్షేమంగా దొరుకుతుందనీ, అమ్మకి ఏమీ కాదనీ ముందే చెప్పేయండి. ఆరేళ్ళలోపు పిల్లలకి ముగింపు ముందే తెలిస్తే ఆనందం తగ్గదు, ధైర్యంగా చూస్తారు.

‘పోన్యో’ 2008లో వచ్చింది, సుమారు 100 నిమిషాలు. ఐదేళ్ళ సోసుకేకి సముద్రం ఒడ్డున ఒక చేపపిల్ల దొరుకుతుంది, పోన్యో అనే ఆ చేప మనిషి కావాలని పట్టుపడుతుంది. కంప్యూటర్ బొమ్మలు లేకుండా దాదాపు 1,70,000 బొమ్మలు చేత్తో గీసి తీశారు. కెరటాలు కళ్ళున్న చేపలై లేవడం, వాటిమీద ఎర్రజుట్టు పిల్ల పరుగెత్తుకు రావడం చూస్తే ఆ శ్రమంతా అర్థమవుతుంది. మొదటి నిమిషాల్లో మాటలే ఉండవు, జెల్లీ చేపలూ సముద్రపు అడుగే. ఇంగ్లీష్ రాని పిల్లల్ని సినిమాలోకి లాక్కెళ్ళడానికి ఇంతకన్నా మంచి మొదలు ఈ వరసలో లేదు. స్థిమితంగా కూర్చోని, క్షణానికో కదలిక కావాలనే పిల్లలకి ‘టొటోరో’కన్నా ఇదే కుదురుతుంది.

దీని గడ్డుభాగం తుపాను. సోసుకే అమ్మ లీసా కారుని మునిగిపోతున్న రోడ్డు మీద దూకుడుగా నడుపుతుంది, రాత్రి పిల్లలిద్దరినీ ఇంట్లో ఉంచి వృద్ధాశ్రమం దగ్గరకి వెళ్తుంది. మర్నాడు సోసుకేకి ఖాళీ కారు కనిపించి అమ్మా అమ్మా అని పిలుస్తాడు. తల్లిదండ్రులు ఎక్కువగా తప్పుపట్టేది లీసా నిర్ణయాన్నే. తుపానులు చూసిన మన తీరప్రాంతం పిల్లలకైతే ఎవరూ మునిగిపోరని ముందే చెప్పాలి. ఇంట్లో అక్వేరియం ఉంటే ఇంకో మాట కూడా చెప్పండి: సోసుకే పంపు నీళ్ళ బకెట్లో చేపను వేసి హామ్ ముక్క పెట్టడం కథలోనే చెల్లుతుంది. పంపు నీళ్ళలో క్లోరిన్ ఉంటుంది, మాంసం ముక్క నీళ్ళని పాడుచేస్తుంది. సినిమా అయిన గంటకల్లా ఈ ప్రయోగం చేయబోయే పిల్లలుంటారు.

ఎనిమిది దాటాక: కికి

‘కికీస్ డెలివరీ సర్వీస్’ 1989లో వచ్చింది, 102 నిమిషాలు. పదమూడేళ్ళు నిండిన మంత్రగత్తె పిల్ల ఆచారం ప్రకారం ఇల్లు విడిచి, ఏడాదిపాటు తెలియని ఊళ్ళో తన కాళ్ళ మీద తను నిలబడాలి. చీపురు మీద ఎగరడం తప్ప కికికి వచ్చిన విద్య లేదు, అందుకని సామాన్లు చేరవేసే పని మొదలుపెడుతుంది. బేకరీ నడిపే ఓసోనో అటకగది ఇస్తుంది. వానలో తడిసి చేర్చిన చేపలు పెట్టి కాల్చిన ‘పై’ అనే వంటకాన్ని అందుకున్న అమ్మాయి, ఇది నాకు నచ్చదంటూ మొహం తిప్పుకుంటుంది. ఆ సన్నివేశం పిల్లల కంటే పెద్దవాళ్ళకి ఎక్కువ తగులుతుంది. తర్వాత జ్వరం, ఉత్సాహం చచ్చిపోవడం, ఎగిరే శక్తే పోవడం. మాట్లాడే నల్లపిల్లి జిజి మాటలు కూడా ఆమెకి వినపడవు. చివర్లో గాలిఓడ ప్రమాదం ఒక్కటే ఉద్విగ్నం, అదీ సుఖాంతమే.

పదో తరగతి కాగానే విజయవాడకో హైదరాబాద్‌కో హాస్టల్‌కి పంపే ఇళ్ళలో, వెళ్ళేముందు పిల్లలతో కలిసి చూడవలసిన సినిమా ఇది. ఇష్టంగా చేసిన పని కూడా ఒకరోజు చేతకాకుండా పోతుందనీ, అప్పుడు కొంత విశ్రాంతి, నమ్మకమైన ఒక స్నేహితురాలు కావాలనీ అడవిలో ఉండే చిత్రకారిణి ఉర్సులా మాటల్లో వస్తుంది. ఉపన్యాసంగా చెబితే పదిహేనేళ్ళవాళ్ళు వినని సంగతి, ఇక్కడ శ్రద్ధగా వింటారు.

ఒక తేడా గమనించాలి. 1998 నాటి ఇంగ్లీష్ డబ్బింగ్‌లో జిజికి అదనపు మాటలు పెట్టారు, చివర్లో మళ్ళీ మాట్లాడించారు. జపనీస్‌లో పిల్లి మళ్ళీ మాట్లాడదు, కికి ఎదిగిపోయింది. ముగింపు గురించి చూసినవాళ్ళు రెండు రకాలుగా వాదించుకోవడానికి కారణం ఇదే, ఎవరు చూసినది వాళ్ళకి నిజం.

స్పిరిటెడ్ అవే: ఎప్పుడు, ఎలా

2001లో వచ్చింది, సుమారు 125 నిమిషాలు. 2002లో బెర్లిన్‌లో చిత్రోత్సవపు అత్యున్నత బహుమతి గోల్డెన్ బేర్, 2003లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కార్. మిత్రుల ఇళ్ళలోని పదేళ్ళ ఆడపిల్లల్ని దృష్టిలో పెట్టుకుని తీశానని మియాజాకి చెప్పారు. వయసు విషయంలో ఇంతకన్నా నమ్మదగిన సలహా మరొకటి లేదు. అమెరికాలో ‘టొటోరో’, ‘పోన్యో’, ‘కికి’లకి అందరూ చూడదగ్గవన్న జి రేటింగ్ ఇచ్చి, దీనికి పెద్దల తోడు సూచించే పిజి ఇచ్చారు. పక్కన పెద్దవాళ్ళుంటే ఎనిమిదేళ్ళకి చూపించవచ్చు. తొమ్మిదీ పదీ అయితే హాయిగా అందుతుంది.

కథ ఒక్క ముక్కలో: కొత్త ఊరికి మారుతున్న చిహిరో దారితప్పి దేవతలు స్నానానికి వచ్చే భవనంలో చిక్కుకుంటుంది. పందులైపోయిన తల్లిదండ్రుల్ని విడిపించుకోవడానికి ఆ భవనం యజమానురాలు యుబాబా దగ్గర పనిలో చేరుతుంది. యుబాబా ఆమె పేరులోని అక్షరాలు లాగేసుకుని ఒక్కటి మిగిల్చి, ఇకనుంచి నువ్వు సెన్ అంటుంది. అసలు పేరు మరిచిపోతే తిరిగి వెళ్ళే దారి ఉండదు. ఈ ఒక్క నియమం పిల్లలకి గట్టిగా చెప్పి ఉంచితే మిగతా కథంతా వాళ్ళే పట్టేస్తారు. చూసినవాళ్ళలో ఏమీ అర్థం కాలేదనేవాళ్ళు ఎక్కువమంది జారవిడిచేది ఇక్కడే.

భయపెట్టే చోట్లు నాలుగు. మొదటిది పందులు. రెండోది కాగితపు పక్షులు వెంటపడి చిహిరోకి సాయపడే కుర్రాడు, తెల్ల డ్రాగన్ రూపంలో ఉన్న హాకుని గాయపరచడం, నెత్తురు బాగానే కనిపిస్తుంది. మూడోది ముఖంలేనివాడు అనే ముసుగు ఆత్మ బంగారం పంచుతూ, వంటకాలన్నీ మింగి, పనివాళ్ళనీ మింగి ఉబ్బిపోవడం. నాలుగోది వాడు అంతా కక్కుతూ సెన్‌ని తరమడం. వీటిలో పిల్లల మనసులో ఎక్కువకాలం నిలిచేది మూడోది. అక్కడ ఒక్క మాట సాయపడుతుంది: వాడు చెడ్డవాడు కాదు, చుట్టూ ఉన్నవాళ్ళ గుణాన్ని మింగేస్తాడు. ఆశపోతుల మధ్య ఆశపోతు అయ్యాడు, సెన్ పెట్టిన చేదు ఉండతో అదంతా కక్కేశాక యుబాబా కవల తోబుట్టువు జెనీబా ఇంట్లో నెమ్మదిగా కూర్చుని నూలు వడుకుతాడు. మింగిన వాళ్ళందరూ ప్రాణాలతోనే బయటికొస్తారు.

ఇంటర్వెల్ కావాలంటే దుర్గంధ దేవుడి స్నానం అయ్యాక ఆపండి. బురదలో ముళ్ళులా గుచ్చుకున్నదాన్ని తాడు కట్టి లాగితే సైకిలు, దాని వెంట గుట్టలకొద్దీ చెత్త బయటికొస్తుంది. అది నదీ దేవత అని తేలుతుంది. పిల్లలు కేరింతలు కొట్టే ఘట్టం ఇది. ఆ రాత్రి సెన్, తోటి పనిపిల్ల లిన్ బాల్కనీలో కూర్చుంటారు, కింద నీళ్ళమీద రైలు వెళ్తుంది. కథ సుమారు సగానికి వచ్చి ఉంటుంది, పిల్లలు ఊపిరి పీల్చుకుంటారు, అన్నాలు పెట్టేయవచ్చు.

పెద్దల అభిప్రాయాలూ పిల్లల అభిప్రాయాలూ విడిపోయేది నీళ్ళమీద రైలు ప్రయాణం దగ్గర. కొన్ని నిమిషాలపాటు దాదాపు మాటలు లేవు, నీడల్లాంటి ప్రయాణికులు ఒక్కో స్టేషన్లో దిగిపోతుంటారు. పెద్దవాళ్ళు చాలామంది సినిమా మొత్తంలో అదే మిన్న అంటారు. పిల్లలు కదలడం మొదలుపెడతారు. అప్పుడు వివరణ మొదలుపెట్టకండి, వాళ్ళని కదలనివ్వండి. హాకు ఇచ్చిన అన్నం ముద్ద తింటూ చిహిరో వెక్కివెక్కి ఏడ్చే సన్నివేశం కూడా అంతే, అది చూసి కళ్ళు తుడుచుకునేది ఎక్కువగా అమ్మలే.

అయిపోయాక తప్పకుండా వచ్చే ప్రశ్న: ఆ పందుల్లో తన అమ్మానాన్న లేరని చిహిరోకి ఎలా తెలిసింది? సినిమా సూటిగా జవాబివ్వదు. మీరూ ఇవ్వకండి. పదేళ్ళ పిల్లలు చెప్పే కారణాలు వినదగ్గవిగా ఉంటాయి.

నెమ్మదిగా ఉంది అనేవాళ్ళకి, ఇంకా పెద్దవాళ్ళకి

పరుగులూ ఛేజింగులూ లేకపోతే కుదరదనే పిల్లలకి 1986 నాటి ‘కాజిల్ ఇన్ ద స్కై’ పెట్టండి. రెండు గంటలు దాటుతుంది, కానీ మొదటి నిమిషంలోనే గాలిఓడ మీద దాడి జరుగుతుంది, ఆకాశంలోంచి పడిన షీటాని గని ఊరి కుర్రాడు పాజూ కాపాడతాడు, రైలుపట్టాల మీద వెంటాట ఉంటుంది. తుపాకులున్నాయి, విలన్ ముస్కా షీటా జడల్ని కాల్చి తెంపే చోటు కటువుగా ఉంటుంది. ఎనిమిదేళ్ళు దాటితే ఇబ్బంది లేదు.

2004 నాటి ‘హౌల్స్ మూవింగ్ కాజిల్’ చూడముచ్చటగా ఉంటుంది. శాపంతో ముసలిదైపోయిన సోఫీ, పొయ్యిలో నిప్పురూపంలో ఉండే కాల్సిఫర్ అందరికీ నచ్చుతారు. రెండో సగంలో యుద్ధమూ శాపాల లెక్కా కలగాపులగమై, ఎవరు ఎందుకు ఏం చేశారో అందదని చూసినవాళ్ళు అనే మాటలో నిజముంది. పదేళ్ళు దాటినవాళ్ళకి, అదీ రెండు మూడు సినిమాలు చూశాకే మంచిది.

రెండు పేర్లు మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. ‘ప్రిన్సెస్ మొనొనొకే’లో బాణాలకి చేతులూ తలలూ తెగిపడతాయి, పదమూడేళ్ళలోపు వద్దు. ఇసావో తకాహతా తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’లో యుద్ధకాలంలో ఆకలితో ఒక చిన్నపిల్ల చనిపోతుంది. గొప్ప సినిమా, కానీ ఇది పిల్లల సినిమా కాదు. ఇదీ జిబ్లీదే, 1988లో ‘టొటోరో’తో కలిపి ఒకే టికెట్ మీద విడుదలైంది, పోస్టర్ చూస్తే ఇదీ మెత్తగానే కనిపిస్తుంది. పొరపాటు జరిగేది అందుకే. థియేటర్లో తెలుగులో కూడా వచ్చిన ‘డీమన్ స్లేయర్’ పూర్తిగా మరో జాతి, కత్తులూ నెత్తురూ. జపాన్ బొమ్మల సినిమాలన్నీ ఒకటే అనుకుని టికెట్లు కొనవద్దు.

ఏ భాషలో, ఏ టీవీలో

మన దేశంలో ఇవి 2020 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నాయి. అమెరికాలోని తెలుగువాళ్ళు హెచ్‌బీఓ మ్యాక్స్‌లో వెతుక్కోవాలి. సాధారణంగా ఎంపిక రెండిటి మధ్య: జపనీస్ మాటలు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్, లేదా ఇంగ్లీష్ డబ్బింగ్. చదివే వేగం లేని పిల్లలకి నిస్సంకోచంగా డబ్బింగ్ పెట్టండి, లేకపోతే కళ్ళు కింది గీత మీదే ఉండి బొమ్మ చూడరు. పైగా డబ్బింగ్‌లో అక్కడక్కడా వివరణ కలిపారు. ‘స్పిరిటెడ్ అవే’లో వంతెన దగ్గర చిహిరో ఇది స్నానాల భవనం అని పైకి అనడం అలా చేర్చిందే. జపనీస్ ఎంచుకుంటే సబ్‌టైటిల్స్‌లో సీసీ (వినికిడి లోపం ఉన్నవారికి రాసే క్యాప్షన్లు) అని లేనిదాన్ని తీసుకోండి. సీసీ ఉన్నది సాధారణంగా ఇంగ్లీష్ డబ్బింగ్ మాటలకు రాసినది, వినపడేదానికీ కనపడేదానికీ పొంతన ఉండదు.

ఇంగ్లీష్ రాని తాతయ్యకో, మూడో తరగతి పిల్లకో పక్కన కూర్చుని తెలుగులో చెప్పాల్సి వస్తే ప్రతి మాటా అనువదించకండి. సన్నివేశం మొదలైనప్పుడు ఒక వాక్యం చాలు, మిగతాది బొమ్మలే చెబుతాయి. ‘టొటోరో’, ‘పోన్యో’ అలా బాగా నడుస్తాయి. ‘హౌల్’ నడవదు, మాటల్లోనే కథ ఎక్కువ. పెద్దవాళ్ళకి తెలుగు మాటలే కావాలంటే జపాన్, భారత్ కళాకారులు కలిసి తీసిన, 1993 నాటి ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’ ఉంది. అది 2025 జనవరిలో తెలుగు మాటలతో థియేటర్లకి వచ్చింది. జిబ్లీది కాదు గానీ చేతి బొమ్మల అందం అదే కోవది.

టీవీలో ఒక మార్పు తప్పకుండా చేయండి. ఈ బొమ్మలు సెకనుకి 24 ఫ్రేముల లెక్కన, చాలాచోట్ల ఒకే బొమ్మను రెండేసి ఫ్రేములు నిలిపి తీసినవి. కొత్త టీవీలు మధ్యలో లేని ఫ్రేములు కల్పించి కదలికని నున్నగా చేస్తాయి. దాంతో గీతల అంచులు చెదిరి, పరుగెత్తే చోట పాత్రల చుట్టూ మసకలు వస్తాయి. సామ్‌సంగ్‌లో ఆటో మోషన్ ప్లస్, ఎల్‌జీలో ట్రూమోషన్, సోనీలో మోషన్‌ఫ్లో అనే పేర్లతో ఉంటుంది, ఆపేయండి. పిక్చర్ మోడ్‌ని వివిడ్ నుంచి మూవీకి మార్చండి, టొటోరో అడవి ఆకుపచ్చ అప్పుడే దాని అసలు రంగులోకి వస్తుంది.

ఇంత చూసుకున్నా మధ్యలో పిల్లలు బెదరవచ్చు. అప్పుడు చాలామంది చేసే పని వెంటనే ఆపేయడం. దానివల్ల ఆ భయపెట్టిన బొమ్మే ఆఖరి బొమ్మగా మనసులో ఉండిపోతుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకుని, అవసరమైతే ముందుకు జరిపి, తర్వాతి కుదురైన సన్నివేశం చూపించాక ఆపండి. ‘స్పిరిటెడ్ అవే’లో పందుల తర్వాత అది బాయిలర్ గది, ఆరు చేతుల కామాజీ, బొగ్గు మోసే మసి ఉండలకి చుక్కల మిఠాయి వేసే చోటు. ‘టొటోరో’లో చెరువు తర్వాత పిల్లిబస్సు, అంటే బస్సులా ఉండే పెద్ద పిల్లి, మే దగ్గరకి చేరే చోటు. ‘పోన్యో’లో ఖాళీ కారు తర్వాత నీళ్ళ కింద కుర్చీలు వదిలేసి బామ్మలు పరుగులు తీసే చోటు. మిగతాది మర్నాడు చూద్దామా అని పిల్లల్నే అడగండి. వద్దంటే ఏడాది ఆగి మళ్ళీ అడగండి.